క్షేమంగా వెళ్లి లాభంగా రండి: దీవుల టూరుకు బయల్దేరేవాళ్లు చేయాల్సిన పనులు

మే నెల వస్తే గుంటూరు మిర్చి యార్డుకు సెలవులిస్తారు. పిల్లలకు బడులుండవు. ఖరీఫ్ మొదలయ్యేలోపు మా వ్యాపారానికీ కాస్త తీరిక దొరుకుతుంది. విత్తనాల కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు టార్గెట్ కొట్టిన డీలర్లను థాయిలాండ్‌లోని ఫుకెట్, ఇండోనేషియాలోని బాలీ తీసుకెళ్లేదీ ఈ రోజుల్లోనే. నాది గుంటూరులో విత్తనాల షాపు. అలా డీలర్ల టూర్లలో నాలుగుసార్లు, ఇంట్లోవాళ్లతో మూడుసార్లు దీవులు తిరిగొచ్చాను. అందుకని బయల్దేరే ముందు చాలామంది నాకు ఫోన్ చేస్తారు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, అక్కడ దొంగల భయం ఉంటుందా?"

ఉంటుంది. విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ ఉంటుంది. కానీ నేను చూసినంతలో దీవుల్లో మనవాళ్ల దగ్గర జేబుదొంగలు కొట్టేసింది తక్కువ, తొందరపడి 'సరే' అని పోగొట్టుకున్నది ఎక్కువ. ఇక్కడ పట్టుచీర కొంటే కొంగు విప్పించి, అంచు తిప్పి, వెలుతురులోకి తీసుకెళ్లి చూస్తాం. అక్కడ సముద్రం ఒడ్డున నిలబడి చదవని కాగితం మీద సంతకం పెట్టి, పాస్‌పోర్టు తీసి వాళ్ల చేతిలో పెట్టేస్తాం. పైగా దీవి అంటే చుట్టూ నీళ్లు. గొడవొస్తే బస్సెక్కి వచ్చేయడానికి లేదు. పడవ రేపు పొద్దున, విమానం ఎల్లుండి రాత్రి. మోసం చేసేవాడికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. కాబట్టి తేల్చుకోవాల్సినవి ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లాలి. వరసగా చెబుతాను.

డబ్బు కట్టకముందు ఏజెంటును పరీక్షించండి

మోసం ఫుకెట్‌లోనే మొదలవ్వాలని లేదు, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరే మొదలవ్వచ్చు. మా బావమరిది ఒక ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా కూపన్ నింపాడు. వారం తర్వాత ఫోన్: "సర్, మీకు హాలిడే గిఫ్ట్ వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి రండి." ఒక హోటల్లో మూడు గంటలు కూర్చోబెట్టారు. పాటలు, చప్పట్లు, పక్క టేబుల్ వాళ్లు కార్డు గీకారని అభినందనలు. ఈ రోజు కడితేనే ఈ ధర అన్నారు. 85 వేలు కట్టాడు. ఆ తర్వాత ఏ తేదీ అడిగినా ఖాళీ లేదనే జవాబు, కొన్నాళ్లకు ఆ ఫోనే పలకలేదు. 'ఈ రోజే' అన్న మాట వినపడితే లేచి వచ్చేయండి. నిజమైన టూరు రేపు కూడా ఉంటుంది.

ఏజెంటు మంచివాడో కాదో చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. జీఎస్టీ నంబరు అడిగి, జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి పేరు సరిపోయిందా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైతే నంబరు 37తో, తెలంగాణలో అయితే 36తో మొదలవుతుంది. డబ్బు కంపెనీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే వేయండి. "మా అబ్బాయి నంబరుకు ఫోన్‌పే చేయండి" అంటే అక్కడే ఆపేయండి. విదేశీ ప్యాకేజీకి టీసీఎస్ అనే పన్ను ముందుగానే వసూలు చేస్తారు, అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద కనపడాలి. టికెట్ చేతికి రాగానే పీఎన్‌ఆర్‌ను విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో చూసుకోండి. హోటల్‌కు మీరే ఒక మెయిల్ పెట్టి, బుకింగ్ ఉందో లేదో అడగండి. ఈ రెండు పనులకూ పది నిమిషాలు పట్టదు. మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

వీసా, ఎంట్రీ ఫారాలు ప్రభుత్వ సైట్‌లోనే నింపండి

థాయిలాండ్ వెళ్లేవాళ్లు 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ముందే నింపాలి. దానికి రుసుము లేదు. మాల్దీవుల డిక్లరేషన్‌కూ రుసుము లేదు, దాన్ని ప్రయాణానికి 96 గంటల లోపు నింపాలి. అయినా గూగుల్‌లో వెతికితే పైన వచ్చే కొన్ని సైట్లు రెండు, మూడు వేలు గుంజుతాయి, పాస్‌పోర్టు వివరాలన్నీ తీసుకుంటాయి. థాయిలాండ్ ప్రభుత్వ సైట్ చిరునామా 'డాట్ జీవో డాట్ టీహెచ్'తో ముగుస్తుంది. బాలీ వెళ్లేవాళ్లు 2024 ఫిబ్రవరి నుంచి వీసా కాకుండా లక్షన్నర రుపియా (ఇండోనేషియా కరెన్సీ) టూరిస్టు రుసుము కూడా కడుతున్నారు. దానికీ నకిలీ సైట్లు పుట్టుకొచ్చాయి. ఏ దేశానికైనా రూల్సు తరచూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో మరోసారి చూసుకోండి.

పాస్‌పోర్టు, కార్డులు, ఫోను

పాస్‌పోర్టు మన పేరు మీద ఉన్నా అది భారత ప్రభుత్వ ఆస్తి. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టంలోనే ఆ మాట ఉంది. దాన్ని స్కూటర్ షాపువాడి దగ్గర తాకట్టుగా పెట్టే వస్తువు అనుకోకండి. మొదటి పేజీ, చివరి పేజీ, వీసా జెరాక్స్ మూడు సెట్లు తీయించండి. ఒకటి సూట్‌కేసులో, ఒకటి చేతి సంచిలో, ఒకటి ఇంటి దగ్గర పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. ఫొటోలు మీ మెయిల్‌కు పంపుకోండి. డీలర్ల టూర్లలో మేనేజరు అందరి పాస్‌పోర్టులూ ఒకే బ్యాగులో పెట్టుకుంటాడు. అది సౌకర్యమే, కానీ ఆ బ్యాగు పోతే నలభైమంది చిక్కుకుపోతారు. ఎయిర్‌పోర్టు పని అయిపోగానే మీది మీరు తీసుకుని గదిలో లాకర్లో పెట్టుకోండి.

2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డులకు విదేశీ వాడకం మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది. బయల్దేరే ముందు రోజు బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, పరిమితి తక్కువలో పెట్టుకోండి. ఒక కార్డు పర్సులో, ఇంకోటి వేరే చోట దాచండి. డబ్బు తీయాల్సి వస్తే బ్యాంకు లోపలున్న ఏటీఎంలోనే తీయండి. బాలీలో వీధి పక్క ఏటీఎంలకు కార్డు కాపీ చేసే పరికరాలు బిగించిన కేసులు చాలా వచ్చాయి. మీ ప్రమేయం లేకుండా బయటివాళ్లు డబ్బు లాగేస్తే మూడు పనిదినాల లోపు బ్యాంకుకు చెప్పినవాళ్ల మీద నష్టం పడకూడదన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం. అందుకని ఎస్ఎంఎస్‌లు వచ్చే మన సిమ్‌కు రోమింగ్ వేయించడం మర్చిపోవద్దు. అక్కడి సిమ్ కొన్నా సరే, మన సిమ్ ఫోన్‌లోనే ఉంచండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. జెట్‌స్కీ (నీళ్ల మీద నడిపే మోటారు బండి), స్కూబా (నీళ్ల అడుగున ఈత), స్కూటర్ వర్తిస్తాయా అని రాతపూర్వకంగా అడగండి. తాగి నడిపితే, హెల్మెట్ లేకపోతే, లైసెన్స్ లేకపోతే క్లెయిమ్ రాదు. ఇక్కడ ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది చెల్లుతుంది. స్కూటర్ నడిపే ఉద్దేశం ఉంటే మన లైసెన్సులో గేరు బండి ఉందో లేదో చూసుకుని, పర్మిట్ తీసుకునే వెళ్లండి.

బంగారం ఇంట్లోనే పెట్టండి

ఈ మాట చెప్పడం నాకూ కష్టమే. మా ఆవిడ మొదటిసారి బాలీ బయల్దేరినప్పుడు నాలుగు పేటల గొలుసు, ఆరు గాజులు వేసుకునే సిద్ధమైంది. ఇద్దరం అద్దం ముందు చాలాసేపు వాదులాడుకున్నాం. చివరికి మా అత్తగారే పసుపుతాడు తెచ్చి, గొలుసులోంచి సూత్రాలు ఒక్కొక్కటే తీసి, దారానికి గుచ్చి మెడలో వేశారు. "ఇదే అసలు మంగళసూత్రం, మిగతాదంతా బంగారం" అన్నారు. గొలుసు బీరువాలోకి వెళ్లింది. బాలీలోని కుటా, సెమిన్యాక్ వైపు రోడ్ల మీద వెనక నుంచి బైకు మీద వచ్చి సంచులు, ఫోన్లు లాక్కుపోవడం మామూలు. మెడలో గొలుసు లాగితే మెడ కూడా తెగుతుంది. సంచి రోడ్డు వైపు కాకుండా గోడ వైపు భుజానికి వేసుకోండి, ఫోన్ చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన మ్యాపు చూడకండి.

తప్పనిసరిగా ఎక్కువ బంగారం తీసుకెళ్లాల్సి వస్తే వెళ్లేటప్పుడే మన ఎయిర్‌పోర్టు కస్టమ్స్ కౌంటర్లో నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. అది లేకపోతే తిరిగొచ్చినప్పుడు అక్కడ కొన్నారనుకుని సుంకం అడగొచ్చు.

ఎవరి సంచీ మోయకండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తు పెట్టుకోవాలంటే ఇది గుర్తు పెట్టుకోండి. ముఖ్యంగా ఇంటర్, ఇంజినీరింగ్ అయిపోయిన పిల్లలున్న తల్లిదండ్రులు వాళ్లను కూర్చోబెట్టి చదివించండి.

"టికెట్టు మాది, హోటలు మాది, నాలుగు రోజులు థాయిలాండ్‌లో తిరిగి రా, వచ్చేటప్పుడు ఒక సూట్‌కేసు తెచ్చిపెట్టు, చేతికి కొంత ఇస్తాం." ఈ మాట నమ్మి వెళ్లిన కుర్రాళ్లు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఎయిర్‌పోర్టుల్లో హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్లలో పెంచిన) గంజాయితో పట్టుబడిన వార్తలు మీరూ చదివే ఉంటారు. సూట్‌కేసు అడుగున రెండో పొర, చాక్లెట్ ప్యాకెట్లు, నూడుల్స్ కవర్లు, దేంట్లోనైనా దాస్తారు. థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తుపదార్థాల జాబితా నుంచి తీసేసింది, అందుకని షాపుల్లో బాహాటంగా కనపడుతుంది. 2025 జూన్‌లో మళ్లీ వైద్యుడి చీటీ ఉంటేనే అని బిగించారు. అక్కడ ఏ రూలున్నా మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుపదార్థాల చట్టమే. కిలో దాటి 20 కిలోల లోపు గంజాయికి పదేళ్ల వరకు జైలు, 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్లు. "నాకు తెలియదు సార్" అన్న మాట అక్కడ నిలబడటం చాలా కష్టం. సంచిలో ఏముందో తెలిసే తెచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది, తెలియదని నిరూపించుకోవాల్సింది మనమే. 35వ సెక్షన్ చెప్పేది అదే. ఇండోనేషియా, సింగపూర్ చట్టాల్లో మత్తుపదార్థాల రవాణాకు మరణశిక్ష కూడా ఉంది.

మంచితనం కొద్దీ మోసేది కూడా ఇందులోకే వస్తుంది. ఎయిర్‌పోర్టులో కలిసిన తెలుగాయన "తమ్ముడూ, నా లగేజీ ఎక్కువైంది, ఈ చిన్న బ్యాగు నీ పేరు మీద వెయ్యి" అంటే చేతులు జోడించి కాదనండి. మీ పెట్టె మీరే సర్దుకోండి, తాళం వేయండి, ఫొటో తీసుకోండి.

మనం తీసుకెళ్లే సామానులోనూ చిక్కులున్నాయి. సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు, గసగసాలు కలిసిన మసాలాపొడి తీసుకెళ్లకూడదు, అక్కడ అవి నిషేధం. గుట్కా, ఖైనీ కూడా అంతే. వేప్ సిగరెట్లు థాయిలాండ్‌లో, సింగపూర్‌లో, మాల్దీవుల్లో నిషేధం, మన దేశంలోనూ 2019 నుంచి నిషేధమే. మాల్దీవులకు మద్యం, పంది మాంసం, పూజకు వాడే విగ్రహాలు తీసుకెళ్లనివ్వరు. మనవాళ్లు సంచిలో చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం పెట్టుకుంటారు, అది ఇంట్లోనే ఉంచి దణ్ణం పెట్టుకుని వెళ్లండి. నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లు డాక్టరు చీటీతోపాటు స్ట్రిప్పులుగానే తీసుకెళ్లండి, డబ్బాలో విడిగా పోసుకోవద్దు. ఆవకాయ చెక్-ఇన్ పెట్టెలోకే.

దిగాక మొదటి రోజు

టాక్సీ ఎయిర్‌పోర్టు కౌంటర్లో గానీ యాప్‌లో గానీ మాట్లాడుకోండి. గదిలోకి వెళ్లగానే తలుపు గడియ, బాల్కనీ గొళ్లెం పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే తలుపు కింద పెట్టే రబ్బరు డోర్ స్టాపర్ ఒకటి తీసుకెళ్తే నిశ్చింత. తలుపు తట్టి "రూమ్ సర్వీస్" అంటే రిసెప్షన్‌కు ఫోన్ చేసి అడిగాకే తీయండి.

డబ్బు మార్చే చోట మాత్రం నిదానించండి. బాలీలో బోర్డు మీద అందరికంటే ఎక్కువ రేటు రాసి ఉన్న చిన్న గది, పక్కనే బట్టల కొట్టు, లోపల ఒక టేబుల్. వాడు పది వేల, ఇరవై వేల రుపియా నోట్లు కుప్పలుగా పోసి లెక్కపెడతాడు. మీరూ లెక్కపెడతారు, సరిగ్గానే ఉంటుంది. "ఒక్కసారి ఇటివ్వండి" అని కట్ట తీసుకుని టేబుల్‌కు తాటించి సమం చేసి మళ్లీ ఇస్తాడు. ఆ తాటించడంలోనే నాలుగైదు నోట్లు టేబుల్ అంచు దాటి వాడి ఒళ్లోకి జారిపోతాయి. సూత్రం ఇదే: ఆఖరున లెక్కపెట్టేది మీరే కావాలి. మీరు లెక్కపెట్టాక వాడి చెయ్యి తగిలితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి. బ్యాంక్ ఇండోనేషియా అనుమతి గుర్తున్న పెద్ద కౌంటర్లో, రసీదు ఇచ్చే చోట మార్చుకోండి. రేటు కొంచెం తక్కువైనా చేతికొచ్చేది ఎక్కువ.

జెట్‌స్కీ, స్కూటర్ అద్దెకు తీసుకునే ముందు

2017లో ఫుకెట్‌లో తెనాలి డీలరు ఒకాయన, నేను కలిసి జెట్‌స్కీ తీసుకున్నాం. అరగంటకు 1500 థాయ్ బాత్. పాస్‌పోర్టు అడిగితే నాది ఇచ్చాను. తిరిగొచ్చాక వాడు బండిని ఒడ్డుకు లాగి, ముక్కు కిందికి వంగి, ఇసక తుడిచి బొటనవేలితో ఒక గీత చూపించాడు. జానెడు పొడవు. ఆ గీతలో ఉప్పు తెల్లగా పేరుకుపోయి గట్టిపడి ఉంది. అరగంట కింద పడిన గీతలో ఉప్పు ఎలా గడ్డకడుతుంది? అది ఎన్నో నెలల నాటి గీత, ఎంతమందికి చూపించాడో. 40 వేల బాత్ అన్నాడు. చుట్టూ నలుగురు చేరారు. ఎయిర్‌పోర్టు బస్సుకు మూడు గంటలే టైముంది, పాస్‌పోర్టు వాడి సంచిలో ఉంది. బేరమాడి 15 వేల బాత్ ఇచ్చి బయటపడ్డాం. టూరిస్టు పోలీసుకు 1155 అనే నంబరుందని, వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడతారని నాకు విమానంలో తెలిసింది.

కాబట్టి ఇలా చేయండి. పాస్‌పోర్టు ఇవ్వనంటే ఇవ్వనని చెప్పండి, జెరాక్స్, కొంత నగదు డిపాజిట్ ఇస్తానని అడగండి. ఒప్పుకోకపోతే పక్క షాపుకు వెళ్లండి, ఎవరూ ఒప్పుకోకపోతే ఆ ఆట వదిలేయండి. ఎక్కేముందు బండి చుట్టూ తిరిగి, ముక్కు కింద, అడుగున కూడా వీడియో తీయండి. షాపువాడి మొహం, తేదీ, టైము అందులో పడాలి, మీరు తీస్తున్నట్టు అతనికి తెలియాలి. వీడియో తీస్తుంటే మొహం మాడ్చుకునేవాడి దగ్గర బండి తీసుకోకూడదు. దెబ్బ తగిలితే ఎంత కట్టాలో ముందే కాగితం మీద రాయించుకోండి. గొడవ మొదలైతే గొంతు పెంచకండి, అక్కడే నిలబడి టూరిస్టు పోలీసుకు ఫోన్ చేయండి.

స్కూటర్ విషయంలోనూ ఇదే పద్ధతి. దానితోపాటు సొంత గొలుసు తాళం వేయండి, హెల్మెట్ పెట్టుకోండి. లుంగీ, చున్నీ చక్రంలో పడకుండా చూసుకోండి.

సముద్రం దగ్గర

మన సెలవులు మే, జూన్. ఫుకెట్ పడమటి ఒడ్డున సముద్రం పోటెత్తేది కూడా మే నుంచి అక్టోబరు దాకానే. అండమాన్‌కు నైరుతి రుతుపవనాలు తాకేది మే నెలలోనే. డీలర్ల టూరు చవగ్గా దొరికేది కూడా అందుకే, అది వాళ్లకు అన్‌సీజన్. చవగ్గా వెళ్లడం తప్పు కాదు, కానీ నీళ్లలోకి దిగేటప్పుడు ఆ సంగతి మనసులో ఉండాలి.

ఎర్ర జెండా ఉంటే మోకాలి లోతు కూడా దిగొద్దు. ఎరుపు, పసుపు రెండూ ఉన్న జెండాల మధ్య లైఫ్‌గార్డులుంటారు, ఆ మధ్యలోనే దిగండి. సూర్యలంకలో నాలుగు మునకలు వేసిన అనుభవం అక్కడ పనికిరాదు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా, అవి ఒక ఇరుకు దారి చూసుకుని వేగంగా లోపలికి పోతాయి. ప్రకాశం బ్యారేజీ గేటు ఒక్కటి ఎత్తితే నీళ్లన్నీ ఆ ఒక్క చోటికే ఎలా దూసుకుపోతాయో అలాగన్నమాట. ఆ చోట అలలు విరగవు, నీళ్లు నిదానంగా కనపడతాయి. పిల్లలను తీసుకుని మనం దిగేది సరిగ్గా అక్కడే. ఒకవేళ లాక్కెళ్తే ఒడ్డు వైపు ఈదడానికి పోరాడకండి, అలసిపోతారు. తేలుతూ చెయ్యి పైకెత్తండి, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. కాపాడటానికి ఇంట్లోవాళ్లు ఒకరి వెనక ఒకరు దూకడం వల్లే ఒక్క ప్రాణం పోవాల్సిన చోట మూడు పోతాయి. తేలే వస్తువు ఏదైనా విసిరి, లైఫ్‌గార్డును పిలవండి.

పడవల గురించి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి కార్తీక మాసంలో వచ్చినవాళ్లు. ఆ మరుసటి ఏడాది జూలైలో, హెచ్చరికలు ఉన్నా సముద్రంలోకి వెళ్లిన పడవ ఫుకెట్ దగ్గర మునిగి 47 మంది చనిపోయారు. లైఫ్‌జాకెట్ సీటు కింద ఉండటం వేరు, ఒంటి మీద ఉండటం వేరు. ఎక్కగానే వేసుకుని బకిల్ పెట్టండి. పిల్లలకు పిల్లల సైజుదే అడగండి, పెద్దది వేస్తే నీళ్లలో పైకి జారిపోతుంది. జనం ఎక్కువైతే దిగిపోండి. కట్టిన డబ్బు పోతే పోయింది.

స్కూబా చేశాక కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు విమానం ఎక్కకూడదు. చాలామంది ఆఖరి రోజు పొద్దున పెట్టుకుంటారు, దాన్ని మొదటి రోజుల్లోకి మార్చించుకోండి.

రాత్రి పూట

తాగే గ్లాసు వదిలి వెళ్తే మళ్లీ దాన్ని ముట్టుకోకండి, కొత్తది తెప్పించుకోండి. సీలు వేసిన సీసా కళ్ల ముందు తీయించుకోండి. బాలీ, దాని పక్క దీవి లొంబోక్ వైపు 'అరక్' అనే నాటుసారా కలిపిన కాక్‌టెయిళ్లు చవగ్గా అమ్ముతారు. 2009లో అందులో మిథనాల్ అనే విషం కలిసి ఇరవై మందికి పైగా చనిపోయారు, విదేశీ పర్యాటకులూ అందులో ఉన్నారు. తాగిన మర్నాడు కళ్లు మసకబారడం, కడుపునొప్పి, ఊపిరి ఆడకపోవడం కనపడితే హ్యాంగోవర్ అనుకుని పడుకోకండి, గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లండి.

బాలీలోని ఉలువాటు గుడి దగ్గర కోతులు కళ్లజోళ్లు, ఫోన్లు, చెప్పులు లాక్కుని పండు ఇస్తేనే వదులుతాయి. కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకోండి. కరిచినా, గీరినా సబ్బుతో పావుగంట కడిగి వెంటనే రేబిస్ టీకా వేయించుకోండి.

అండమాన్ వెళ్లేవాళ్లకు

మన దేశమే కదా అనుకుంటాం గానీ రూల్సు గట్టివి. బారాటాంగ్ దారిలో జారవా ఆదివాసుల ప్రాంతం దాటేటప్పుడు వాహనాలు కాన్వాయ్‌గా వెళ్తాయి. ఆపకూడదు, ఫొటో తీయకూడదు, బిస్కెట్ కూడా ఇవ్వకూడదు. ఆదివాసుల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనల కింద జైలు పడుతుంది. డ్రైవరు "చూపిస్తా సార్" అన్నా వద్దనండి. వాళ్లు మనుషులు, చూడటానికి పెట్టినవాళ్లు కాదు. ఆదివాసులే ఉండే నార్త్ సెంటినెల్ దీవికి ఐదు నాటికల్ మైళ్ల దూరంలోకి కూడా పోకూడదు. ఒడ్డున దొరికిన పగడపు ముక్క చచ్చినదైనా సంచిలో వేయకండి, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పట్టుకుంటారు, 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. పిల్లల జేబులు కూడా చూడండి.

హావ్‌లాక్‌గా మనకు తెలిసిన స్వరాజ్ ద్వీప్‌లో 2010లో అమెరికా పర్యాటకురాలు ఉప్పునీటి మొసలి దాడిలో చనిపోయారు. మొసలి బోర్డున్న చోట, వాగు వచ్చి సముద్రంలో కలిసే చోట దిగొద్దు. అక్కడ కొన్ని దీవుల్లో ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి రేపు ఎక్కడ ఉంటారో ఇంటికి ముందు రోజే చెప్పండి.

జరగరానిది జరిగితే

నంబర్లు ఫోన్‌లో ఒక చోట, కాగితం మీద ఇంకో చోట రాసుకోండి. అండమాన్‌లో 112. థాయిలాండ్ టూరిస్టు పోలీసు 1155. శ్రీలంకలో పోలీసు 119, అంబులెన్స్ 1990. మాల్దీవుల్లో పోలీసు 119, అంబులెన్స్ 102. ఇండోనేషియాలో 112.

పాస్‌పోర్టు పోతే ముందు అక్కడి పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి. ఆ కాపీ, జెరాక్స్, రెండు ఫొటోలతో భారత రాయబార కార్యాలయానికి వెళ్తే ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. కొలంబో, మాలె, బ్యాంకాక్‌లలో మన కార్యాలయాలున్నాయి, బాలీలో మన కాన్సులేట్ డెన్‌పసార్‌లో ఉంది. కార్డు పోతే నిమిషం ఆలస్యం చేయకుండా యాప్‌లో బ్లాక్ చేయండి. ఏ నష్టానికైనా ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది పోలీసు కాపీ, ఆసుపత్రి బిల్లులే, అందుకని భాష రాదని స్టేషన్‌కు వెళ్లకుండా వచ్చేయకండి. మన భాషలో మాట్లాడేవాళ్లు కావాలంటే ప్రవాసాంధ్రుల కోసం ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి 24 గంటల హెల్ప్‌లైన్ ఉంది, దాని నంబరూ పక్కనే రాసుకోండి.

తిరిగొచ్చాక

కార్డుల విదేశీ వాడకం ఆఫ్ చేయండి. నెల రోజులు స్టేట్‌మెంట్ చూస్తూ ఉండండి. దోమలున్న దీవుల నుంచి వచ్చిన రెండు వారాల లోపు జ్వరం వస్తే డెంగీ అయ్యే అవకాశం ఉంది. పారాసిటమాల్ తప్ప ఇంకో నొప్పి మాత్ర సొంతంగా వేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ దేశం నుంచి ఏ తేదీన దిగారో మొట్టమొదట చెప్పండి.